పెద్దమ్మ అడిగిన చోటు

డయాలిసిస్ వార్డులో ఆ సిస్టర్ సూది గుచ్చే ముందు అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకుని వేడి చేసుకుంటుంది. రోగి చెయ్యి పట్టుకుని ఏదో కబురు మొదలుపెడుతుంది. కబురు సగంలో ఉండగానే సూది దిగిపోతుంది. మెడలో సన్నటి శిలువ, చప్పుడు లేని నడక. క్రీస్తును నమ్మినవారికే రక్షణ అని ఆదివారం పాస్టరుగారు అంటే, అందరికంటే ముందు ఆమెన్ అనేది ఆమే. కిటికీ పక్క మంచం, సిస్టర్ పెద్దమ్మా అని పిలిచే ముసలావిడది. ఆవిడ దేవుడు వేరు. మిషన్ తిరుగుతున్నంతసేపూ కళ్లు మూసుకుని ఆ దేవుణ్ణే తలుచుకుంటూ ఉంటుంది. సిస్టర్ అంటే ఆవిడకు కన్నకూతురితో సమానం.

మొన్న ఉన్నట్టుండి అడిగింది: "తల్లీ, నేనింక ఎన్నాళ్లో ఉండను. పైకెళ్లాక మనిద్దరం ఒక్కచోటే ఉంటామా? మీవాళ్లేమంటారు?"

ఆ జవాబు సిస్టర్‌కు చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చు. నాలుక చివరిదాకా వచ్చి, ఆ ముడతల మొహం చూశాక ఆగిపోయింది. "బీపీ చూడాలి పెద్దమ్మా, మాట్లాడకూడదు" అంటూ చేతికి పట్టీ చుట్టింది.

పెద్దమ్మకు అర్థమైపోయింది. కోపం తెచ్చుకోలేదు సరికదా, సిస్టర్ చెయ్యి నిమిరింది. "పోనీలే, నువ్వేం బెంగపెట్టుకోకు. నీ గురించి మా దేవుడికి రోజూ చెబుతూనే ఉన్నా. నిన్ను బయట నిలబెట్టడులే" అంది.

సిస్టర్ అంకె చూడకుండానే పట్టీ విప్పేసి, స్టోర్‌రూములోకి వెళ్లి తలుపు వేసుకుంది. "క్షమించు ప్రభువా" అంది. నమ్మింది చెప్పనందుకో, అలా నమ్ముతున్నందుకో ఆమెకే తెలియలేదు.