గోడ మీద మూడు కప్పులు

అమెరికాలోని నెబ్రాస్కా మైదానంలో మట్టిగడ్డలతో కట్టిన ఒంటిగది బడికి తిర్జా హోమ్ పంతొమ్మిదేళ్లకే టీచరైంది. పిల్లలందరికీ ఒకటే నీళ్ల బకెట్, ఒకటే రేకు కప్పు. ఒకరోజు దగ్గుతూ వచ్చిన ఆల్మా అనే పిల్లని చూసి జాలిపడి, ముందుగా ఆమెకి నీళ్లు తాగించింది. అదే కప్పుతో మిగతావాళ్లూ తాగారు. పదిహేను రోజుల్లో గొంతు పూడుకుపోయే కంఠసర్పి వచ్చి, ఆల్మాతో కలిపి ముగ్గురు పోయారు.

"నీ తప్పేముందమ్మా, ఎవరికి తెలుసు?" అంది ఆల్మా తల్లి. ఆ ఓదార్పుకి తిర్జా తల ఎత్తలేకపోయింది.

అప్పటినుంచి బడిలో ఎవరి కప్పు వాళ్లదే, కప్పులన్నీ గోడ మేకులకి వరసగా వేలాడేవి. ముప్పై ఏళ్ల తర్వాత కొత్తగా చేరిన పిల్ల అడిగింది: "టీచర్, ఆ చివరి మూడూ ఎవరివి? వాటితో ఎవరూ తాగట్లేదే."

"వాళ్లింకా రాలేదమ్మా," అంది తిర్జా, రోజూలాగే వాటి దుమ్ము తుడుస్తూ.

ఆ పిల్ల ఒకసారి తలుపు వైపు చూసి, తన కప్పుని వాటికి దూరంగా తగిలించుకుంది.