మధ్యాహ్నం క్లాసురూములో లిమిట్

పదో తరగతి దాకా సీతారామపురంలో, ఆ తర్వాత ఇంటర్ కూడా తెలుగు మీడియంలోనే చదివాను. ఆత్మకూరులో బీఎస్సీ మ్యాథ్స్‌లో చేరాక పాఠమంతా ఇంగ్లీషయింది. లెక్కల మేడమ్ చెప్పేది వినేదాన్ని, బోర్డు మీద ఉన్నది రాసుకునేదాన్ని. ఆ రెంటికీ సంబంధం ఏమిటో తెలిసేది కాదు. లిమిట్ అనే పాఠం దగ్గరే చిక్కుకుపోయి మొదటి ఇంటర్నల్ పరీక్ష తప్పాక, బీఏకి మారిపోతానని హాస్టల్ గదిలో చెప్పాను.

నాతో పాటు ఉండేది ఉదయగిరి అమ్మాయి. వాళ్లింట్లో మాట్లాడేది ఉర్దూ. వాళ్లమ్మ చెక్క గరిటెలు చెక్కుతుంది. ఆ అమ్మాయి తల దువ్వుకోవడం ఆపి నావైపు చూసింది.

"బీఏలో ఏం చదువుతావు?"

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటి చదివేదానికి ఇంత దూరం వచ్చినావా? పద, మేడమ్‌ని అడుగుదాం. ఆ లిమిట్ ఏందో నాకూ తెలీలా."

"నువ్వు పాసయినావు గదా?"

"బట్టీ పట్టి రాసినాను," అంది తాపీగా.

మేడమ్ మమ్మల్ని కోప్పడలేదు. భోజనాల వేళ ఖాళీగా ఉండే ఒక క్లాసురూము తెరిపించింది. "అర్థమైంది మేడమ్ అనే మాట మాత్రం ఇక్కడ వద్దు. అర్థమైతే పక్కవాళ్లకి చెప్పండి. ఏ భాషలో చెప్పినా సరే," అంది. కొన్నాళ్లకు మరికొందరు మా వెంట చేరారు.

ఒకరోజు చాక్‌పీసు నా చేతికొచ్చింది. బోర్డు మీద గీత గీసి, లిమిట్ అంటే ఆ గీత ఒక అంకెకు దగ్గరవుతూ పోవడమని చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాను. వెనక బల్ల మీద క్యారియర్ విప్పుకున్న మేడమ్ తలెత్తింది.

"దగ్గరికొస్తా ఉండాది అంటున్నావే, ఎంత దగ్గరికి?" అని అడిగింది ఉదయగిరి అమ్మాయి.

"నువ్వు ఎంత దగ్గరికి రమ్మంటే అంత దగ్గరికి," అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి వచ్చాక గానీ, పుస్తకంలో గ్రీకు అక్షరాలతో రాసింది అదేనని తెలియలేదు. ఆమె దాన్ని ఉర్దూలో తనలో తాను గొణుక్కుంది.

"ఇంతేనా? దీనికా నువ్వు బీఏకి పోతానన్నావు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే సంగతి ఇంగ్లీషులో రాయమంది మేడమ్. రాశాక నా ఇంగ్లీషు దిద్దింది, లెక్కలో దిద్దడానికేమీ లేదు. చెయ్యి కడుక్కుని వచ్చి భుజం తట్టింది. ఆ పూట నాకు అన్నం తినాలని కూడా గుర్తు రాలేదు.

నేను క్లాసులో ఫస్టేమీ రాలేదు. కొన్ని పేపర్లు గట్టెక్కాయి, కొన్ని బాగానే రాశాను. ఫిజిక్సులో ఆ అమ్మాయే నన్ను లాక్కొచ్చింది. ఇప్పుడు ఇద్దరం లెక్కలే చెబుతున్నాం, వేరు వేరు ఊళ్లలో. మొన్న ఆదివారం ఏదో లెక్క తేలడం లేదని ఫోన్ చేసింది. నేను చెప్పిన దారి ఆమె ఒప్పుకోలేదు, ఆమెది నేను ఒప్పుకోలేదు. ఈలోగా మా ఇంట్లో స్టవ్ మీద పప్పు మాడింది.