బొంత లోపలి హీరో

“ఆ బొంత మీదికెల్లి చెయ్యి తియ్యి.”

“తియ్య. లోపల ఏం కుట్టినవో ముందుగాల చెప్పు.”

“పాత చీరెలు కుట్టిన. నీకేం పని?”

“పాత చీరెకు కనుబొమ్మ ఉంటదా నాయినమ్మా? గీ మూలకు చినిగింది, జూడు. రంగుతోని గీసిన కనుబొమ్మ గిది. తాత గీసిందే గదా?”

“మీ తాత గీసినయన్నీ ఎప్పుడో పోయినయి. పోయి నీ బొమ్మలు నువ్వు సదురుకో.”

“నాన్న గూడ గదే చెప్తడు. మరి గిదేంది? రేపు తాండూర్ల ఫంక్షన్ హాల్ల మా హీరో ఫ్యాన్స్ అందరూ తమ దగ్గరున్నయి తెచ్చి పెడ్తరు. నేను తాతది పెడ్త. ఒక్కసారి ఇప్పి చూపియ్యవా?”

“ఇప్ప. పండే బొంతను ఎవలన్న ఇప్పుకుంటరా? వాని మొకమున్న కప్పుల ఛాయ తాగుతవు, వాని మొకాన్ని తాళంచెవికి కట్టుకొని తిరుగుతవు. ఇగ నా పక్కబట్ట గూడ కావాల్నా?”

“నేను ఛాయనే తాగుతున్న. నువ్వు ముప్పై ఏండ్ల సంది ఆయన మీదనే పండుతున్నవు గదా.”

వంటింట్లో నా కోడలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. బొంతను మడిచి చంకలో పెట్టుకొని వెనక గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాను. మనవరాలు కాసేపు తలుపు అవతలే నిలబడింది. “తాతది ఒక్కటన్న లేదు మనింట్ల,” అంది చివరికి, ఈసారి మెల్లగా. ఆ తర్వాత చెప్పుల చప్పుడు దూరమైంది.

వికారాబాదులో ఇది మా కొడుకు ఇల్లు. మనవరాలు డిగ్రీ చదువుతోంది. దాని అల్మారాలో ఒక అరలో పుస్తకాలు, మూడు అరల్లో ఆ హీరో. కొట్లాటల సినిమాల హీరో. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో కుర్రవాడు, ఇప్పుడు తాత వయసు, ఇంకా మేడల మీది నుంచి దూకుతూనే ఉన్నాడు. చేతులు వంగే వేలెడంత బొమ్మలు, స్టిక్కర్లు, సంతలో ఏరుకొచ్చిన పాత పాటల పుస్తకాలు, తాండూరు బండ ముక్కల మీద తానే గీసిన ముఖాలు. బాగా గీస్తుంది. నేను ఆ మాట దాని ముందు అనలేదు. పిల్లలను మెచ్చుకుంటే చెయ్యి నిలవదని మా అమ్మ అనేది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. అదీ ఏదీ పారేయదు, నేనూ పారేయను. నేను దాచిన డబ్బాల్లో పప్పులుంటాయి, అది దాచిన డబ్బాల్లో హీరో ఉంటాడు.

ఆ మధ్యాహ్నం బొంత పరుచుకొని పడుకున్నాను. అనంతగిరి గుట్టల వైపు నుంచి మబ్బు వచ్చి కిటికీలో వెలుగు బూడిద రంగుకు తిరిగింది. ఒత్తిగిల్లితే బొంత లోపల సన్నగా పెళపెళమంది. తడి ఆరిన ఆకుల మీద ఎవరో మెల్లగా నడిచినట్టు ఉంటుంది ఆ చప్పుడు. ముప్పై ఏళ్లుగా నాకు ఆ చప్పుడు లేకుండా నిద్ర పట్టదు. చెంప కింద ఏ భాగం ఉందో నాకు తెలుసు. తల వైపు నుదురు, నడుము కింద భుజం, కాళ్ల దగ్గర ఆ చెయ్యి.

అప్పుడు మేము తాండూరులో ఉండేవాళ్లం, టాకీసు వెనక సందులో. మా ఆయన సినిమాలకు గుడ్డ మీద బొమ్మలు గీసేవాడు. తాండూరంతా బండల దుమ్ము. చెట్ల మీద, బర్రెల వీపుల మీద, మనుషుల కనురెప్పల మీద తెల్లగా పిండి రాలినట్టు ఉండేది. పొద్దున్నే ఆ తెల్లటి సందులో నాలుగు చక్రాల బండి మీద ఒక పెద్ద ముఖం పోతూ ఉండేది. బండి తోసేవాడు ముఖం వెనక ఉండి కనబడడు. ముఖమే తనంతట తాను, కళ్లు తెరుచుకొని, ఇళ్ల మధ్య నుంచి మెల్లగా పోతున్నట్టు ఉండేది. ఇప్పటికీ నాకు కలలో ఆ ముఖం పోతూనే ఉంటుంది. ఎక్కడికీ చేరదు.

మా వాకిట్లో అవిసె నూనె వాసన, ఉడికే బంక వాసన. చేటంత కన్ను ఒకటి గోడకు ఆనించి ఉంటే దాని ముందే నేను బియ్యం చెరిగేదాన్ని. ముగ్గు వేయడానికి చోటు లేక పెదవుల చుట్టూ వేసిన రోజులున్నాయి. నేను బడికి పోయింది మూడో తరగతి దాకా. మిగిలిన అక్షరాలు ఆయన బొమ్మల కింద రాస్తుంటే చూసి నేర్చుకున్నాను. అందుకే నాకు ఇప్పటికీ పెద్ద అక్షరాలు తొందరగా వస్తాయి, చిన్నవి కూడబలుక్కోవాలి.

ఆయన పని పద్ధతి చెబుతాను. సినిమా వాళ్లు పంపిన అరచేతంత ఫోటో మీద పెన్సిలుతో గళ్లు గీసేవాడు. నీలిమందులో ముంచిన దారాన్ని గుడ్డ మీద లాగి కొట్టి అన్నే పెద్ద గళ్లు వేసేవాడు. చిన్న గడిలో ఉన్నది పెద్ద గడిలో గీయాలి. ఒక్కో గడిలో చూస్తే ముక్కూ కనబడదు, ముఖమూ కనబడదు. ఏదో వంకర గీత, ఏదో నీడ. అన్నీ అయ్యాక దూరం పోయి చూస్తే మనిషి లేచి నిలబడతాడు.

ఒకసారి ఆ హీరో సినిమా శుక్రవారం వస్తుందనగా ఆయనకు పచ్చకామెర్లు వచ్చాయి. ముఖం, భుజం అయిపోయాయి. చెయ్యి మిగిలింది. అరచెయ్యి ముందుకు చాచి హీరో ఎదురొచ్చే జీపును ఆపుతున్న బొమ్మ అది. ఆయన మంచం మీద కళ్లు పచ్చగా చేసుకొని పడుకున్నాడు. లేవబోతే తూలాడు.

“పండుకో. చెయ్యే గదా, నేను గీస్త,” అన్నాను.

“చెయ్యే కష్టం. మొకం తప్పు పోతే మంది హీరోను తిడ్తరు, చెయ్యి తప్పు పోతే నన్ను తిడ్తరు.”

“గళ్లు జూసి గీసుడే గదా. రొట్టెలు చేసే చేతికి గది రాదా?”

ఆయన నవ్వి కళ్లు మూసుకున్నాడు.

ఆయన గళ్లకు పక్కన అంకెలు వేసుకునేవాడు. నాకు ఆ అంకెలతో తికమక. అందుకని ఫోటోను బండ మీద పెట్టి, గీయడం అయిపోయిన గడి మీద ఒక్కో కంది గింజ పెట్టుకుంటూ పోయాను. మా ఇంట్లో కందులకు కొదవలేదు. ఎండ వాకిలి దాటి గోడెక్కింది. కుంచె గుడ్డ మీద పోతుంటే చీర మీద చెయ్యి ఆడిస్తున్నట్టుంది. ఇంత పెద్ద మనిషి వేలు నా వేలి కింద పుట్టడం చూస్తూ నేను ఎక్కడున్నానో మరిచిపోయాను. ఆ పూట తిన్నానో లేదో కూడా గుర్తు లేదు. జీవితంలో వంటా వార్పూ కాక నేను చేసిన పని అదొక్కటే.

మధ్యలో పాలు పొంగిన వాసన వచ్చి లోపలికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఫోటో దగ్గర పిచ్చుక వాలి ఉంది. అదిలించాను, ఎగిరిపోయింది. గింజలున్న చోటు చూసుకొని మళ్లీ మొదలుపెట్టాను. చెయ్యి పక్కన అంతా ఆకాశమే కాబట్టి చోటు చాలకపోవడమన్నది లేదు. చీకటి పడకముందే అయిపోయింది. ఆయన గోడ పట్టుకొని వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. పచ్చబడ్డ కళ్లకు ఏం కనబడిందో ఏమో. “చెయ్యి బాగొచ్చింది,” అన్నాడు. ఆ మాట నేను ఎన్ని రోజులు నోట్లో చప్పరించానో.

శుక్రవారం బొమ్మ ఎక్కింది. దండలు వేశారు, రంగు కాగితాలు చల్లారు. నేను బిందె పట్టుకొని రెండుసార్లు అటువైపు నుంచి నీళ్లకు పోయాను, అటు బోరింగు లేకపోయినా. శని, ఆది గడిచాయి. సోమవారం ఆయన కాస్త లేచి టాకీసు దాకా పోతే, ఎదురుగా ఉన్న చాయ్ హోటలాయన గల్లా దగ్గర కూర్చొని పైకి చూసి అడిగాడట: “పేంటర్ సాబ్, ఛే ఉంగ్లియా కైకూ డాలే? గా చేతికి ఆరు వేళ్లున్నయేంది?”

అక్కడున్న వాళ్లందరూ తల ఎత్తి లెక్కపెట్టారు. ఆ రోజు ఫోటో మీది గింజ ఒకటి పిచ్చుక ఎత్తుకుపోయింది. నేను గీసిన వేలునే పక్క గడిలో మళ్లీ గీశాను, అక్కడి నుంచి చెయ్యంతా ఒక గడి జరిగింది.

ఆయన కూడా లెక్కపెట్టాడట. “జరంల గీసిన. నాదే తప్పు,” అన్నాడట. ఇదంతా నాకు పక్కింటామె చెప్పింది. ఆయన ఇంటికి వచ్చి, “అన్నం పెట్టు,” అన్నాడు. పెట్టాను. ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి తాండూరులో ఆయన పేరు ఆరేళ్ల పెయింటరు, అంటే ఆరు వేళ్ల పెయింటరు. కొట్టుకు బోర్డు రాయించుకునే సేటు కూడా, “ఏళ్లు ఐదే వెయ్యి నాయినా,” అని నవ్వేవాడు. కోడికి ఎన్ని కాళ్లు గీస్తావని పిల్లలు అడిగేవారు. ఆయన వాళ్లతో పాటే నవ్వేవాడు. ఆయన పోయిన రోజు పాడె వెనక నడుస్తూ కూడా ఎవరో అన్నారు, “పాపం, ఆరేళ్ల పెయింటరు,” అని. ముందు నడుస్తున్న నా కొడుకు విన్నాడు. నేనూ విన్నాను. ఆ ఆరో వేలు నాది అని అప్పుడైనా అనవలసింది. 

సినిమా వెళ్లిపోయాక గుడ్డకు సున్నం కొట్టి, దాని మీదే ఇంకో బొమ్మ గీయడం ఆయన అలవాటు. ఆ ఒక్క గుడ్డను మాత్రం నేను ఇవ్వలేదు. బట్టలుతికే సౌడు మట్టి వేసి గంగాళంలో ఉడకబెట్టాను. రంగు సగం పోయింది, సగం మొండికేసింది. గట్టి గుడ్డ, పారేయడానికి మనసు రాదు. కళ్లకు కనబడకూడదు. బొంతలో రెండు చీరల మధ్య పెట్టి కుట్టేశాను. చలికి పనికొచ్చింది.

ఇప్పుడు మనవరాలు దాన్ని తాండూరులోనే, తాత పేరు రాసి వేలాడదీస్తానంటోంది. ఆ ఊళ్లో ఇంకా నలుగురు ముసలివాళ్లైనా ఉంటారు. చూస్తారు, లెక్కపెడతారు, మళ్లీ నవ్వుతారు. పోయిన మనిషిని రెండోసారి నవ్వులపాలు చేయడం ఎట్లా? చూపించకపోతే ఆయన గీసినదంటూ ఈ భూమ్మీద ఇంకొకటి లేదు. బొంత మీద అటు ఒత్తిగిల్లాను, ఇటు ఒత్తిగిల్లాను. కింద ఆకుల మీద ఆయన నడుస్తూనే ఉన్నాడు. వాన మొదలై ఆగిపోయింది. మనవరాలు పిలిస్తే లేచి అన్నం తిన్నాను. 

మరునాడు పొద్దున్నే వాకిట్లో బొంత పరిచి బ్లేడుతో కుట్లు కోశాను. మనవరాలు పళ్లు తోముకుంటూ వచ్చి అట్లాగే నిలబడిపోయింది. పై చీర తీశాక సగం ముఖం వచ్చింది, నుదురు, కనుబొమ్మ, ఒక కన్ను. మీసం కరిగిపోయింది. భుజం మరకలా ఉంది. చెయ్యి మాత్రం గట్టిగా ఉంది. నేను రంగు మందంగా పూశాను కదా, సౌడుకు లొంగలేదు.

అది వంగి వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

“తాతను అందరూ ఆరేళ్ల పెయింటరు అనేటోళ్లని నాన్న చెప్తడు. గిందుకేనా?”

“తాత గీసింది మొకం. చెయ్యి నేను గీసిన.”

అది నోట్లో నురగతోనే నా చేతుల వైపు చూసింది.  పోయి నోరు కడుక్కొని వచ్చి, గుడ్డకు రెండో కొస పట్టుకుంది. ఇద్దరం చుట్ట చుట్టాం. గుడ్డ తీసిన చోట నా పాత చీర ఒకటి పెట్టి బొంతను టాకాలు వేసి పక్కన పెట్టాను.

“నేనూ వస్త,” అన్నాను.

పాసింజరు బండిలో తాండూరు పోయాం. హాల్లో అప్పటికే బల్లలు వేశారు. వాటి మీద బొమ్మలు, కప్పులు, కాగితం మీద గీసినవి, కంప్యూటరులో గీసినవి. మనవరాలు మా గుడ్డను కిటికీ ఊచలకు తాళ్లతో కట్టింది. కింద అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసింది: ముఖం తాత, చెయ్యి నాయినమ్మ. నాకు తొందరగానే వచ్చింది చదవడం. ఒక కుర్చీ తెచ్చి పక్కన వేస్తే కూర్చున్నాను.

తలుపులు తీశాక వచ్చిన వాళ్లలో కర్ర పట్టుకున్న ముసలాయన ఒకాయన గుడ్డ ముందు ఆగాడు. నాకు ఆయన ముఖం గుర్తు రాలేదు. అట్ట చదవకుండా నేరుగా చెయ్యి వైపు చూసి, పెదవులు కదిపి ఆరు దాకా లెక్కపెట్టాడు.

“గిది మన ఆరేళ్ల పెయింటరుది గదా?” అన్నాడు.

“గా చెయ్యి నేను గీసిన,” అన్నాను.

ఆయన నా వైపు తిరిగి కళ్లజోడు సరిచేసుకున్నాడు. “మరి మొకం?”

“మొకం ఆయనది.”

“మొకం మంచిగుండె,” అన్నాడు ఆయన, కర్ర ముందుకు వేసి పక్క బల్ల దగ్గరికి పోయాడు.