లేదని చెప్పే ఉద్యోగం

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఉద్యోగం లేక కాదు, రెండు రావడం వల్ల. అనంతపురంలో జియాలజీ చదివి ఇంటికొచ్చాక, ఏ పెళ్లికి పోయినా "ఏం చేస్తాండావు పాపా" అనే ప్రశ్నకు దొరక్కుండా వంటల దగ్గర తిరిగినదాన్ని. అలాంటి నన్ను ఒకేసారి ఇద్దరు రమ్మన్నారు. ఒకటి కళ్యాణదుర్గంలో ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరు పని. ఇంకొకటి బోరు పాయింట్లు చూసే సర్వే సెంటరులో. ఇద్దరికీ సోమవారం మాట చెప్పాలి.

నాయన స్కూలు వైపు. మెట్ట చేనులో వేరుశనగ వేసి, వాన కోసం మబ్బులు చూసి చూసి ఆయన విసిగిపోయాడు. "నీడపట్టున కూర్చునే పని దేవుడిస్తాంటే, ఎండలో రాళ్ల చుట్టూ తిరుగుతానంటావేమే" అన్నాడు. అమ్మ ఏ పక్కా మాట్లాడలేదు గానీ, స్కూలుకు పనికొచ్చే చీరలు పెట్టెలోంచి తీసి ఎండలో వేసింది. మా ఇంట్లో నిర్ణయాలు అట్లాగే జరుగుతాయి.

నాకేం కావాలో నాకు తెలిస్తే వాళ్లతో పోట్లాడి ఉండేదాన్ని. తెలియకపోవడమే నా బాధ. కాలేజీ చివరి రోజుల్లో ఒక ట్రైనరు వచ్చి, ఉద్యోగం వెతుక్కునే ముందు పనిలో మీకు ఏది ముఖ్యమో తేల్చుకోండి, జీతమా, గౌరవమా, భద్రతా, స్వేచ్ఛా అని అడిగాడు. పక్కనున్న అమ్మాయి గౌరవం అంటే నేనూ గౌరవమే అన్నాను. తర్వాత టీ ఇచ్చారు. రాళ్లంటే నాకు ఇష్టమన్నది మాత్రం నిజం. ఒక బండను చూసి దాని కింద ఏముంటుందో ఊహించుకోవడం నాకు చిన్నప్పటినుంచీ సరదా. కానీ సరదా వేరు, దాన్ని నమ్ముకుని బతకడం వేరు.

పని ఎట్లా ఉంటుందో ముందు చూడమని సర్వే సెంటరు ఓనరు గురువారం నన్ను తన బొలెరోలో గుమ్మఘట్ట వైపు తీసుకుపోయాడు. అక్కడ ఒక రైతుకు చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది. చెట్లు మొదటి కాపుకు వచ్చాయి, ఉన్న బోరు గాలి కక్కుతోంది. ఆకులు అప్పటికే ముడుచుకున్నాయి. నీళ్లు దొరక్కపోతే ఇన్నేళ్లు పెంచిన చెట్లను కొట్టేసి కట్టెలకు అమ్ముకోవాలి. ఇదంతా ఓనరే దారిలో చెప్పాడు. అందుకే బోరు తప్పకుండా వేయిస్తాడని కూడా కలిపాడు.

మా వైపు పాయింటు చూసినవాళ్లే తమ చేత్తో అక్కడ రాయి పెట్టాలి. బోరు లారీ వచ్చేదాకా ఆ రాయిని ఎవరూ కదల్చరు. మేం పోయేసరికే రైతు భార్య ఒక రాయిని కడిగి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, పళ్లెంలో పట్టుకుని నిలబడింది. కాలేజీలో నేర్చుకున్నదే కదా, నువ్వే చూడమని ఓనరు మిషను నాకిచ్చాడు. నేను భూమిలో ఇనుప మేకులు దిగగొట్టి, వైర్లు కలిపి, మిషన్లో అంకెలు చూసుకుంటూ తోటంతా తిరిగాను. ఎక్కడ చూసినా పైన ఇంత మన్ను, కింద పగులన్నది లేని బండ. పగులు లేకపోతే నీళ్లకు చోటు లేదు. చివరికి ఆమె వచ్చి రాయిని నా చేతిలో పెట్టింది. నేను ఓనరు మొహం చూశాను. ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు.

"నీళ్లు ఉన్నట్టు లేదన్నా" అన్నాను రైతుతో.

అతను కోపం తెచ్చుకోలేదు, బేరం మొదలుపెట్టాడు. "ఎంత లోతుకు లేదు?"

"ఎంత లోతుకైనా బండే ఉన్నట్టుంది."

"ఇంగా రెండునూర్ల అడుగులు పోతే?"

"కష్టమే అన్నా."

"పోనీ ఆ మూలకు?"

సంతలో ఎద్దును బేరమాడినట్టు అడుగుతున్నాడు. నవ్వు రావలసిన చోట నాకు ఏడుపొచ్చింది. అతని భార్యది కన్నడం, "నీరిల్వేనమ్మా?" అని మెల్లగా అడిగింది, నీళ్లు లేవా అమ్మా అని. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనే ఆడవాళ్ల మధ్య పెరిగినదాన్ని నేను. పూజ పళ్లెం ముందు నిలబడి లేవు అనడానికి నాకు నోరు రాలేదు. తల అడ్డంగా ఊపాను. వైర్లు చుట్టుకోవాలి గనుక చేతిలో రాయిని గట్టు పక్కన పెట్టి నా పనిలో పడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు ఓనరు, "నీకు చదువుండాది, నోరు లేదు పాపా" అన్నాడు. "రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అన్నట్టుండల్ల మన పని. మనం కాదంటే ఇంకొకడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని, అది లేచి నిలబడిన చోట నీళ్లుండాయంటా వస్తాడు." నీళ్లు పడినా పడకున్నా లారీవాళ్లు ఇచ్చే కమీషన్ ఆయనకు ఇస్తారని నాకప్పటికే అర్థమైంది.

తర్వాత నన్ను పట్టుకున్న భయం వేరు. ఉందని చెప్పి పడకపోతే ఆ రోజే తెలిసిపోతుంది. నేను లేదన్నది తప్పయితే? ఎవరికీ ఎప్పటికీ తెలియదు, చెట్లు మాత్రం ఎండిపోతాయి. ఆ ఆలోచనతోనే కూర తరుగుతూ వేలు కోసుకున్నాను. ట్రైనరు చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే మనసులో వేసి చూసుకున్నాను. జీతం సర్వే సెంటరులోనే ఎక్కువ, అయినా మనసు కదల్లేదు. టీచరమ్మకు ఊరంతా దండం పెడుతుంది, దానికీ కదల్లేదు. కానీ స్కూల్లో నేను తప్పు చెబితే ఏ పిల్లకో ఒక మార్కు పోతుంది, ఎవరి తోటా పోదు. ఈ ఆలోచన రాగానే ప్రాణం తేలికపడి, స్కూలువైపే జరిగిపోయాను.

శనివారం సాయంత్రం ఓనరు ఫోన్ చేశాడు. "రేపు గుమ్మఘట్టకు లారీ పోతాండాది. నీ పాయింటే."

"నేను లేదన్నాను కదా సార్?"

"రాయి పెట్టినావు గదా. నోటితో ఏమన్నా, చేత్తో పెట్టిందే వాళ్లు నమ్మేది. పాప భయానికి లేదనింది గానీ చెయ్యి మంచిదని అనుకుంటాండారు. సోమారం వచ్చి చేరు."

నాకు కోపం వచ్చింది, ఆయన మీద, ఆ రైతు మీద, అందరికన్నా ఎక్కువ నా మీద. రైతు నంబరు అడిగితే, ఆడ సిగ్నల్ ఉండదులే అని పెట్టేశాడు.

ఆదివారం నాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. తిడతాడనుకున్నాను. "లేదంటే లేదని పోయి చెప్పు, ఇంగ కూర్చున్నావేం" అని బస్టాండులో దింపాడు. రాయదుర్గం దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. ఆటో నిండేదాకా కదలనన్నవాడిని ఆ రోజు నేను ఏమేం అన్నానో ఇప్పుడు గుర్తు తెచ్చుకోను.

రోడ్డు మీదికే లారీ రొద వినిపించింది. తోటమీద బూడిదరంగు దుమ్ము కమ్ముకుని ఉంది. ఆపండి, ఆపండి అని అరుస్తూ పరిగెత్తాను. నా గొంతు నాకే వినపడలేదు. లారీ మనిషి చెయ్యి విసిరి నన్ను దూరంగా పొమ్మన్నాడు. ఇక చేసేదేమీ లేక గట్టు మీద నిలబడి దండం పెట్టుకున్నాను. నా చదువు అబద్ధం కావాలని, మిషను చెడిపోయి ఉండాలని, బండలో ఏదో ఒక పగులు నా కళ్లుగప్పి ఉండాలని. నేను చెప్పింది తప్పు కావాలని అంతగా ఇంకెప్పుడూ కోరుకోలేదు. పొడి దుమ్ము వస్తూనే ఉంది. మధ్యాహ్నానికి రైతే చెయ్యెత్తి ఆపమన్నాడు.

అతని భార్య నా దగ్గరికొచ్చి, ఈసారి తెలుగులోనే అడిగింది. "ఆ పొద్దు ఇంకొంచెం గట్టిగా చెప్పింటే నీకేం పోయ్యేదమ్మా? ఉన్నట్టు లేదంటివి. తలకాయ ఊపితివి. రాయేమో పెట్టి పోతివి."

వైర్లు చుట్టుకోవడానికి పెట్టాను అన్నాను. బయటికొచ్చాక ఆ మాట వినడానికి నాకే సిగ్గేసింది.

"ఈ పని నాకొద్దన్నా, స్కూల్లో చేరతాను" అన్నాను రైతుతో. నా ఉద్యోగంతో అతనికేం పని, అయినా అన్నాను.

అతను తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "ఉందని చెప్పేటోళ్లు శానామంది వచ్చిపోయినారు. లేదని చెప్పేదానికి బస్సెక్కి వచ్చింది నువ్వే." కాసేపు తోటవైపు చూసి మళ్లీ అన్నాడు. "వాన నీళ్లు పారే వంక పక్కన మా తమ్ముని చేనుండాది. ఆడ పడితే పైపులేసి తెచ్చుకోవచ్చు. చూస్తావా? ఈ తూరి రాయి నేను పట్టుకుంటా."

సోమవారం స్కూలు సారుకు ఫోన్ చేసి రానని చెప్పాను. నేను లేదన్న చోటికి లారీ పంపిస్తే ఆ రోజే మానేస్తానని ఓనరుకు చెప్పాను. సరే రా చూద్దాం అన్నాడు ఆయన.

ఆ వారంలోనే వంక పక్క చేనుకు పోయాం. మేకులు దిగగొట్టి, అంకెలు చూసి, నమ్మకం చాలక మళ్లీ చూసుకున్నాను. రైతు కొంచెం దూరంలో రాయి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇక్కడా నీళ్లు లేవన్నా" అన్నాను, చేను అవతలికి వినపడేంత గట్టిగా.

ఈసారి అతను బేరమాడలేదు. రాయిని తుండుగుడ్డలో చుట్టుకుని ఇంటిదారి పట్టాడు.