పాత ఫారం మీద కొత్త పేరు

మా మేనమామ ట్రాఫిక్ కోర్టులో గుమాస్తా. జడ్జిగారి బల్లకు దిగువన, కంప్యూటర్ ముందు ఆయన కుర్చీ. రోడ్డు మీద పట్టుబడ్డవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తప్పు ఒప్పుకుంటారు, జడ్జిగారు తీర్పు చెబుతారు, మామయ్య దాన్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన ఎవరినైనా కసురుకోగా చూసినవాళ్లు లేరు. నిలబడలేని ముసలివాళ్లు కనబడితే తన కుర్చీ ఇచ్చేసి, తాను వంగి నిలబడే టైపు చేసేవాడు.

రోజుకు నూట యాభై కేసులు. ఒక్కొక్కదానికీ ఖాళీ ఫారం తెరిచి ఇరవై గడులు నింపుతూ కూర్చుంటే పొద్దు చాలదు. అందుకని గుమాస్తాలందరికీ ఒక అలవాటు ఉంది. ముందు కేసు ఫారాన్నే కాపీ చేసి, దాని మీద పేరు, లైసెన్సు నంబరు, నేరం మార్చేస్తారు. ఎవరూ నేర్పింది కాదు, ఎవరూ తప్పన్నదీ లేదు.

ఒక సోమవారం తాగి బండి నడిపినవాడి కేసు అయ్యాక, వెనక లైటు వెలగని స్కూలు వ్యాను డ్రైవరు కేసు వచ్చింది. మామయ్య పేరు మార్చాడు, నంబరు మార్చాడు. అంతలో వరుసలో ఉన్న ఒక పెద్దావిడ కళ్లు తిరిగి కూలబడింది. లేచి వెళ్లి ఆవిడకు నీళ్లు తాగించి వచ్చాడు. మిగిలిన గడి కూడా మార్చేశాననుకుని మీట నొక్కాడు.

సాయంత్రం ఐదింటికి ఆ రోజు కేసులన్నీ వాటంతటవే లైసెన్సు ఆఫీసుకు వెళ్లిపోతాయి. పది రోజులకు డ్రైవరు ఒక ఉత్తరం పట్టుకుని వచ్చాడు. తాగి నడిపినందుకు లైసెన్సు రెండేళ్లు రద్దు.

“నేను టీ తప్ప ఇంకేం ముట్టను బాబాయ్. మా ఆవిడైతే, నాకు తెలీకుండా ఎప్పుడు మొదలెట్టావు, ఎవరితో తాగావు అని నిలదీస్తోంది.” నవ్వబోయి, ఉత్తరం బల్ల మీద పెట్టాడు.

మామయ్య స్క్రీన్ చూశాడు, కాగితాల ఫైలు తీసి చూశాడు. ఫైల్లో జడ్జిగారి చేతిరాత స్పష్టంగా ఉంది, వెనక లైటు అని.

“తప్పు నాది నాయనా. నీది కాదు. దేవుడి మీద భారం వేసి నాతో రా.”

జడ్జిగారు మంచివారు. అప్పటికప్పుడే సవరణ కాగితం మీద సంతకం పెట్టారు. కానీ ఐదు దాటిన కేసును మార్చడానికి కంప్యూటరు కోర్టువాళ్లను కూడా రానివ్వదు. పైకోర్టు అప్పీలులో కొట్టేస్తేనే మారుతుంది. లైసెన్సు ఆఫీసులో ఉన్న అమ్మాయి ఆ కాగితం రెండుసార్లు చదివి, ఇద్దరికీ కుర్చీలు వేయించింది.

“మీ మాట నమ్మక కాదండీ. మాకు స్క్రీన్ మీద ఉన్నదే చెల్లుతుంది.”

సరేనని అప్పీలు వేశారు. అక్కడి గుమాస్తా కాగితాల ఫైలు తిరగేసి తల గోక్కున్నాడు. “ఇందులో తాగినట్టు ఎక్కడుంది గురూగారూ? వెయ్యని శిక్ష మీద అప్పీలేంటి?” మూడు నెలలకు అదే మాట తీర్పుగా వచ్చింది.

పొరపాటు తనదేనని మామయ్య పై ఆఫీసుకు రాసిచ్చాడు. వాళ్లు ఆయనకు మెమో ఇచ్చారు. రికార్డు మాత్రం అలాగే ఉంది. సెలవు పెట్టి ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. “మీరు పస్తుంటే కంప్యూటరు జాలిపడుతుందా? ముందు రెండు ముద్దలు తినండి,” అని అత్తయ్య కంచం ముందు కూర్చోబెట్టేది. పొద్దున్నే దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆయన తన కోసం అడగడం మానేశాడు. ఆ డ్రైవరు గురించే అడిగేవాడు.

స్కూలువాళ్లు కొన్నాళ్లు ఆగి వ్యానుకు వేరే మనిషిని పెట్టుకున్నారు. డ్రైవరు గోదాములో మూటలు మోశాడు. నడుం పట్టేసింది. ఆఖరికి తెలిసినవాళ్ల నీళ్ల ట్యాంకరు ఎక్కాడు. నాలుగో రోజే చౌరస్తాలో పట్టుబడి, మళ్లీ మామయ్య కోర్టుకే వచ్చాడు.

“రద్దయిందని తెలిసే నడిపావా?” అని జడ్జిగారు అడిగారు.

“తెలుసండి.”

ఈసారి నేరం నిజం. పాతది రికార్డులో ఇంకా తాగి నడిపినట్టే ఉంది. తాగి నడిపి లైసెన్సు పోగొట్టుకున్నవాడు మళ్లీ బండి నడిపితే, ఇక ఎన్నటికీ లైసెన్సు ఇవ్వకూడదని నియమం. జడ్జిగారు కలం పట్టుకుని మామయ్య వైపు ఒకసారి చూశారు. తరువాత తల వంచుకుని రాశారు.

మామయ్య ఖాళీ ఫారం తెరిచాడు. నంబరు దగ్గర వేళ్లు ఆగిపోయాయి. కాగితం మీద అంకెలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. డ్రైవరు బల్ల మీదికి వంగాడు.

“నేను చెప్తాను బాబాయ్, మీరు కొట్టండి. తొందరేం లేదు.”

ఒక్కొక్క అంకే చెప్పాడు. మామయ్య ఒక్కొక్కటే కొట్టాడు.

“సరిగ్గా వచ్చిందా, చూసుకోండి.”

“సరిగ్గానే ఉంది నాయనా,” అని మామయ్య మీట నొక్కాడు.