ఎడమవైపు పదును

మునిరాజు కత్తిని కిరసనాయిలు గుడ్డతో తుడుస్తుంటే తుప్పు కరిగి, కింద పరిచిన పాత పేపరు మీదికి ఎర్రగా కారింది. హోసూరులో వాళ్ల వరండా అంతా ఆ ఘాటు వాసనే. మునిరాజు మా నారాయణమ్మ పెద్దమ్మ కొడుకు, నాకు తమ్ముడు. ఒక ఫ్యాక్టరీ టూల్‌రూములో పనిచేస్తాడు. కెలమంగలంలో పాత ఇల్లు పడగొట్టినప్పుడు అటక మీద మూడు వెదురు చీల్చే కత్తులు దొరికాయని నన్ను పిలిపించాడు.

"వీట్లో అమ్మది ఏదో నీకు తెలుస్తుందా అక్కా? ఆ ఒక్కటీ కొత్తదాని మాదిరి చేసి పెట్టుకొంటాను."

ఒక్కొక్క కత్తినీ వెలుతురుకు ఎత్తి చూశాను. రెండింటికి పదును కుడివైపే ఉంది. మూడోదానికి రెండువైపులా ఉంది. ఎడమవైపుది ఏళ్ల తరబడి రాతి మీద నూరిన నున్నని పదును, కుడివైపుది ఒక్క పూటలో చక్రం మీద గీసిన గరుకు పదును.

"ఇదే," అన్నాను.

పెద్దమ్మది ఎడంచేతివాటం. చిన్నప్పుడు వాళ్లవ్వ ఆ చేతిని కొంగుతో కట్టేసి మరీ కుడిచేత్తో తినడం నేర్పించిందట గానీ, కత్తి మాత్రం ఎడంచేతికే వచ్చింది. కుడిచేతి కత్తి ఆమె చేతిలో బద్ద మీద జారకుండా లోపలికి కొరికేది కాబట్టి, కమ్మరితో పోట్లాడి ఎడమవైపు పదును పెట్టించుకుంది. అంచెట్టి అడవి నుంచి పచ్చి వెదుళ్లు బండ్లలో దిగిన రోజున మా వీధంతా తడి వెదురు వాసన, ఇళ్లలోంచి మల్బరీ ఆకుల వాసన, మంచుకాలమైతే పొయ్యిల మీద ఉడికే అనపగింజల పితికిపప్పు వాసన కలిసిపోయేవి. పట్టుపురుగులు గూళ్లు కట్టుకొనే వెదురు తట్టలు, చంద్రికలు, అల్లడానికి ఆమె ఎండ అవతలికి కనపడేంత పలచగా బద్దలు తీస్తుంటే, రాలిన పచ్చని పేళ్లతో మేము ఉంగరాలు, కళ్లద్దాలు చేసుకొని పెద్దమనుషుల్లా వీధిలో తిరిగేవాళ్లం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక మంచుకాలం పొద్దున పెద్దమ్మ మల్బరీ తోటకు పోయి ఉండగా, సానపట్టే ఆయన సైకిలు మీద వచ్చాడు. ఆమె తిరిగి వచ్చేసరికి కత్తి తళతళలాడుతుంటే ఎంత మెచ్చుకుంటుందో అనుకొని, అడగకుండానే తీసుకుపోయి ఇచ్చాను.

"ఎవురు పాపా దీనికి పదును ఇట్ల తిరగేసి పెట్టింది? ఉండు, సరిచేసిస్తా," అన్నాడు ఆయన. అది తప్పు కాదని చెప్పాలని నాకు తోచలేదు. ఒళ్లో నింపుకొచ్చిన అనపకాయలు కూలిగా పోసి, కత్తిని దాని చోట్లోనే పెట్టేశాను.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ కుడిచేత్తో బద్ద పట్టుకొని కత్తి లాగింది. అది జారలేదు, కొరికింది. బద్దను దాటి ఆమె కుడి బొటనవేలి మొదట్లో దిగింది. పచ్చని పేళ్ల మీద నెత్తురు పడింది. ఆమె ముందు కత్తి అంచు చూసింది, తరవాత స్తంభం వెనక నిలబడ్డ నన్ను చూసింది. పెదనాన్న పరుగెత్తుకొచ్చి ఏమయిందని అరిస్తే, "నా చెయ్యే జారింది, ఎవురేం చేస్తారు," అంది.

గాయం మానింది గానీ వేలు మళ్లీ వంగలేదు. సంగటి ముద్ద తుంచలేక ఇంట్లో ఎడంచేత్తో తినేది. అది నలుగురికీ కనపడుతుందని పెళ్లిళ్లలో పంక్తికి కూర్చోవడం మానేసింది. బద్ద పట్టలేక చంద్రికలు వదిలి, టమాటా తోటల్లో కూలికి పోయింది. మునిరాజు ఎనిమిదో తరగతితో బడి మాని లేత్ పనికి చేరాడు. నేను చదువుకొని టీచరునయ్యాను.

ఇదంతా వరండాలో కూర్చొని అతనికి మొదటిసారి చెప్పాను. అతను గుడ్డ కింద పెట్టాడు.

"ఇన్నేండ్లు ఏల చెప్పలేదక్కా?"

"ఆ కుడిపక్క పదును తీసేయ్ మునిరాజూ. ముందు ఎట్లుండెనో అట్ల చెయ్యి," అన్నాను.

అతను గోటితో అంచును చివరిదాకా తడిమాడు. "చెయ్యొచ్చు. చెయ్యను. అమ్మ దీన్ని ఇట్లే దాచిపెట్టింది గదా, ఇట్లే ఉండనీ." కొబ్బరినూనె పూసి, గుడ్డలో చుట్టి, లోపలికి తీసుకుపోయాడు. ఎప్పుడూ నన్ను బస్సెక్కించేదాకా వచ్చేవాడు, ఆ రోజు రాలేదు.

కెలమంగలంలో ఇప్పుడు పురుగుల షెడ్లలో అన్నీ ప్లాస్టిక్ చంద్రికలే. మా వీధిలో వెదురు దిగదు, అల్లే చేతులు లేవు, ఆ కత్తి చూపిస్తే ఇది దేనికని అడిగే పిల్లలే ఉన్నారు. మునిరాజు రెండు నెలలుగా ఫోను చేయలేదు. పెద్దమ్మ పోయి రెండేళ్లయింది. అంతకుముందు ముప్ఫై ఏళ్లపాటు, ఏ సాయంత్రం పోయి ఒప్పుకుందామన్నా ఆమె ఇంట్లోనే ఉండేది.