ఈశ్వరి స్ఫటికం

జాలరిపేటలో పుట్టిన ఈశ్వరి యూనివర్సిటీ ల్యాబులో ఐదేళ్లుగా రెండు ప్రోటీన్ల వెంట పడింది. ఒకటి హిస్టోన్. కణంలో డీఎన్‌ఏ దాని చుట్టూ చుట్టుకుంటుంది. రెండోది చాపెరోన్. ఊరికే వదిలితే కనిపించిన ప్రతిదానికీ అంటుకుపోయే హిస్టోన్‌ను అది పట్టుకుని, చేరవలసిన చోటికి చేరుస్తుంది. ఆ పట్టు ఎలా ఉంటుందో ఎక్స్-రేలతో చూడాలంటే రెండూ కలిసి స్ఫటికం కట్టాలి. అది కడితేనే థీసిస్, డాక్టరేటు.

కలిపినప్పుడల్లా అవి పాలు విరిగినట్టు తెల్లగా విరిగిపోయేవి. 2006 వేసవిలో, ఫెలోషిప్ చివరికొచ్చిన రోజుల్లో, ఆమె ద్రావణంలో ఉప్పు పెంచింది. విరగడం ఆగింది. వారం తిరిగేసరికి సూదిమొనంత స్ఫటికం మెరిసింది. ఇక డాక్టరేటు వచ్చినట్టేనని ఆ సాయంత్రమే అమ్మకు చెప్పింది.

తర్వాత దాన్ని కరిగించి పరీక్షిస్తే అందులో చాపెరోన్ ఒక్కటే ఉంది. ఆ ఉప్పుకే పట్టు సడలి హిస్టోన్ జారిపోయింది.

ఇంటికి వచ్చేసరికి తల్లి గంగాలమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది.

“అమ్మా, అందులో రెండూ నేవు, ఒకటే ఉన్నాది. ఉప్పెక్కువైపోనాది.”

“అయితే పారబోసి మల్లీ సెయ్యి. కూరైనా అంతే గదే.”

“నెలాఖరుకి ఫెలోషిప్ ఆగిపోతాది. ల్యాబులో నా బల్ల ఇంకొకలకి ఇచ్చీసినారు.”

గంగాలమ్మ చేతులు ఆగాయి. “మరి నాను పేటంతా సెప్పీసినాను గదే, మా అమ్మి డాక్టరైపోనాదని.”

ఈశ్వరి చెప్పులు విప్పకుండానే గడప మీద కూర్చుంది. వీధిలో పోతున్న పక్కింటావిడ నవ్వుతూ, “డాక్టరమ్మా, తలనొప్పికి మాత్రేటైనా ఉందేటి?” అని అడిగింది.

గంగాలమ్మ కూతురి వైపు చూడకుండా, “దానికి ఒంట్లో బాగోనేదు, రేపు రా” అంది.